బాపు కారు స్టార్ట్ కావడం లేదు: పంపు విప్పించాలా, అమ్మేయాలా?

ఆదిలాబాద్ వైపు నుంచి ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. కుదించి ఇస్తున్నాను.

ఆయన తండ్రి ఆర్టీసీలో బస్సు డ్రైవరుగా చేసి 2006లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆ సెప్టెంబరులోనే ఇండికా వీ2 డీజిల్ కొన్నారు. ఆ ఇంటికి అదే మొదటి కారు. అక్క పెళ్ళికి, ఆ తర్వాత ఆమె పురుడుకి, అమ్మ చివరి రోజుల్లో ఆస్పత్రికి తిప్పింది ఆ కారులోనే. మోకాళ్ళ నొప్పులు ముదిరి తండ్రి ఆరేళ్ళ కిందట నడపడం మానేశారు. అప్పటినుంచి ఈయనే రోజూ ఇరవై ఆరు కిలోమీటర్ల దూరంలోని బడికి దాన్ని వేసుకుని వెళ్ళి వస్తున్నారు.

డిసెంబరు చలి మొదలైనప్పటినుంచి కారు పొద్దున్నే మొరాయిస్తోంది. తాళం తిప్పితే హీటర్ లైటు వెలిగి, ఆరిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, కళ్ళు మండే వాసన. నాలుగైదు సార్లు కొట్టాక స్టార్టయి, ఒక నిమిషం పాటు జ్వరం వచ్చినట్టు వణికి, తర్వాత మామూలైపోతుంది. సాయంత్రం బడి దగ్గర మాత్రం సగం తిప్పగానే స్టార్ట్. మైలేజీ తగ్గలేదు, పదిహేడు పద్దెనిమిది ఇస్తూనే ఉంది. ఇంజిన్ ఆయిల్ కూడా చెప్పుకోదగ్గంత తగ్గడం లేదు.

మొదటి మెకానిక్ చూసి ఇంజిన్‌కు డీజిల్ తోసే పంపు అయిపోయింది, పద్దెనిమిది వేలవుతుంది అన్నాడు. రెండో షెడ్డులో పంపు కాదు, ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు అరిగాయి, నలభై ఐదు వేలన్నారు. ఈయన రాత్రుళ్ళు వీడియోలు చూసి ఒక స్కానర్ తెప్పించుకున్నారు. 'దాన్ని గుచ్చడానికి కారులో చోటే దొరకలేదు సార్' అని రాశారు. తర్వాత ఒక ఆదివారం కొత్త డీజిల్ ఫిల్టర్ తెచ్చి సొంతంగా మార్చారు. అంతే, అప్పటినుంచి కారు అసలే స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ తిరుగుతోంది, ఈసారి పొగ కూడా లేదు. సిలిండర్‌లోకి డీజిల్ చల్లే నాజిల్ పైపు ఒకటి వదులు చేసి, డీజిల్ వస్తోందో లేదో వేలు పెట్టి చూశారు. పక్కింటాయన ట్రాక్టర్‌తో లాగుదామంటున్నారు, లేదంటే ఇంజిన్ లోపలికి గాలి పీల్చే దారిలో పెట్రోలు గుడ్డ పెడదామంటున్నారు.

ఆ ఆదివారం వరండాలో కుర్చీలో కూర్చున్న తండ్రి, 'గాలి వట్టినట్టుంది బిడ్డా, ముందు గాలి తియ్' అన్నారట. ఈయన చిరాకులో 'ఇది మీ బస్సు కాదు బాపూ' అనేశారు. ఆ తర్వాత పెద్దాయన కుర్చీ వరండాలోంచి లోపలికి మారింది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు పాత ఇనుముకు అమ్మేయమంటున్నాడు. ఆదివారాలన్నీ కారు కిందే గడుపుతున్నారని భార్య మాట్లాడటం తగ్గించారు. పద్దెనిమిది రోజులుగా కారు వాకిట్లోనే ఉంది, ఈయన బస్సులో వెళ్తున్నారు. ఒక బ్రోకరు ముప్పై ఐదు వేలకు అడిగాడు.

'నేనే చేసుకోవాలా, షెడ్డుకు ఇవ్వాలా, అమ్మేయాలా? చదువుకున్నవాణ్ణి, ఒక ఫిల్టర్ మార్చలేకపోయానా అని సిగ్గుగా ఉంది' అని ఉత్తరం ముగించారు.

*

మాస్టారూ, ముందుగా ఒక మంచి మాట. మీ ఉత్తరం చదివితే సగం జబ్బు తెలిసిపోతోంది. ఎప్పుడు పొగ వచ్చింది, ఎప్పుడు రాలేదు, వేడి మీద ఎలా స్టార్టవుతోంది, ఆయిల్ తాగుతోందా లేదా, అన్నీ రాశారు. షెడ్డుకు వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది 'స్టార్ట్ అయితలేదు' అని ఒక్క ముక్క చెప్పి తాళం చేతిలో పెడతారు. మీరు చూడాల్సినవన్నీ చూశారు. కాకపోతే చూసినవాటిని కలిపి ఒకే జబ్బు అనుకున్నారు. మీ కారుకున్నవి రెండు. ఒకటి డిసెంబరులో దానంతట అది వచ్చింది. రెండోది ఆ ఆదివారం మీ చేతుల్లోంచి వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు.

ఎలా చెబుతున్నానంటే, పొగను బట్టి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ నుంచి కళ్ళు మండే తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్ దాకా చేరుతోంది, అక్కడ మండకుండా ఆవిరై బయటికి పోతోంది అని. అంటే పంపు తన పని తాను చేస్తోంది, వేడి చాలడం లేదు. డిసెంబరులో మీకు జరిగింది అదే. ఎంత కొట్టినా పొగ పిసరంత కూడా రావడం లేదంటే డీజిల్ అసలు చేరడమే లేదు. ఫిల్టర్ మార్చాక మీకు జరుగుతోంది ఇది. ఫిల్టర్ విప్పితే లైనులోకి గాలి పోతుంది. ఆ గాలిని బయటికి పంపకపోతే పంపు గాలినే పిసుకుతూ కూర్చుంటుంది. గాలి నొక్కుకుపోతుంది, డీజిల్ నొక్కుకుపోదు. నాజిల్ తెరుచుకోవాలంటే వంద బార్‌కు పైగా ఒత్తిడి కావాలి, గాలి బుడగలతో అది ఎన్నటికీ రాదు.

కాబట్టి మీ బాపు వరండాలోంచి చెప్పింది ఆ రోజుకు అక్షరాలా నిజం. కారు దగ్గరికి రాకుండా, సెల్ఫ్ శబ్దం వింటూ చెప్పారు.

అలాగని మీరన్న మాట కూడా పూర్తిగా తప్పు కాదు, అనిన తీరు సంగతి వదిలేద్దాం. ఇది నిజంగానే బస్సు కాదు. ఆయన నడిపిన లేలాండ్ లాంటి పెద్ద ఇంజిన్లలో డీజిల్‌ను నేరుగా పిస్టన్ తల మీది గుంటలోకి చల్లుతారు. వాటికి మన ఊళ్ళ చలిలో హీటర్లతో పనే లేదు. మీ కారులోని 1405 సీసీ ఇంజిన్ అలా కాదు. అందులో నాజిల్ డీజిల్‌ను ఇంజిన్ పై భాగమైన హెడ్‌లో ఉన్న ఒక చిన్న గదిలోకి చల్లుతుంది, మంట అక్కడ మొదలై పిస్టన్ మీదికి వస్తుంది. శబ్దం తగ్గించి, కారుకు తగ్గట్టు చురుగ్గా తిప్పడానికి ఆ ఏర్పాటు. దానికి చెల్లించే మూల్యం చలి పొద్దుల్లో కనిపిస్తుంది. నొక్కుకుపోయి వేడెక్కిన గాలి ఆ చిన్న గది గోడలకు తన వేడినంతా ఇచ్చేస్తుంది. అందుకే నాలుగు గదుల్లో నాలుగు హీటర్ ప్లగ్గులు పెట్టారు. డిసెంబరు నాటి జబ్బు అక్కడుంది. మీ బాపుకు బస్సు నడిపిన ఏళ్ళన్నిటిలో హీటర్ ప్లగ్గుతో పని పడి ఉండదు.

మీరు చూసిన వీడియోలేమో ఇటు చివర. అవి కామన్ రైల్ అనే కొత్త తరం డీజిల్ కార్లవి: సెన్సర్లు, కంప్యూటరు, స్కానర్. మీ కారు పంపు పూర్తిగా యంత్రమే. దానికి తెలిసిన కరెంటు సంగతి ఒక్కటే, తాళం తిప్పగానే డీజిల్ దారి తెరిచే చిన్న సోలనాయిడ్. మీ బాపు అనుభవం ఒక తరం ముందుది, మీ వీడియోలు ఒక తరం తర్వాతివి. మధ్యలో నిలబడ్డ ఈ కారు ఇద్దరికీ చిక్కలేదు.

ఇక మెకానిక్కుల మాట. పంపు అరిగితే అది ఎక్కువగా వేడి మీద బయటపడుతుంది. వేడెక్కిన డీజిల్ పలచబడి, అరిగిన భాగాల సందుల్లోంచి జారిపోతుంది. అలాంటి కారు పొద్దున స్టార్టయి, మధ్యాహ్నం హోటల్ ముందు ఆపితే మొరాయిస్తుంది. మీది సరిగ్గా తిరగబడి ఉంది. బోరు సంగతైతే, ఆయిల్ తాగాలి, ఎక్కుళ్ళలో గుంజుడు తగ్గాలి, ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీస్తే బుసబుసా ఆవిరి కొట్టాలి. మీరు చెప్పినవాటిలో మొదటిది లేదు, మైలేజీ కూడా నిలబడి ఉంది. ఇంత వయసున్న ఇంజిన్‌లో కంప్రెషన్, అంటే గాలిని నొక్కే బలం, కొంత తగ్గే ఉంటుంది, కాదనను. మంచి హీటర్లుంటే ఆ లోటు చాలా ఏళ్ళు కప్పుకుపోతుంది. ఎవరూ గేజీ పెట్టి కంప్రెషన్ చూడకుండానే నలభై ఐదు వేలు చెప్పారంటే ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

హీటర్ లైటు వెలిగి ఆరుతోంది కాబట్టి హీటర్లు బాగున్నాయని మీరే అనుకున్నారో, మెకానిక్ అన్నాడో ఉత్తరంలో స్పష్టంగా లేదు. ఎవరన్నా సరే, ఆ లైటును నమ్మకండి. అది చెప్పేది పెట్టిన టైము అయిందని మాత్రమే. నాలుగు ప్లగ్గుల్లో మూడు చచ్చిపోయినా అది ఠంచనుగా వెలిగి, ఠంచనుగా ఆరుతుంది. మీరు రాసిన ఆ ఒక నిమిషం వణుకు చూడండి, అదే నాకు గట్టి ఆనవాలు. రెండు సిలిండర్లు ముందు అందుకున్నాయి, మిగతా రెండూ ఇంజిన్ కాస్త వెచ్చబడ్డాక వచ్చి కలిశాయి. ప్లగ్గుల్లో ఒకటో రెండో పోయినప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. అంతకంటే ముందు మూడు వద్దులు. వీటిలో బేరాల్లేవు.

నాజిల్ పైపు దగ్గర మళ్ళీ వేలు పెట్టకండి. మీ టైరులో ఉండే గాలి సుమారు రెండు బార్. నాజిల్ దగ్గర దానికి యాభై రెట్లకు పైనే. సన్నటి ధారగా వస్తే డీజిల్ చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల కండ చచ్చిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అలాంటిది ఎప్పుడైనా జరిగితే అది చిన్న దెబ్బ కాదు, ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళి 'డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయింది' అని చెప్పాలి. ఈసారి మీకేమీ కాకపోవడానికి కారణం లైనులో గాలి ఉండటమే. నవ్వాలో ఏడవాలో తెలియని అదృష్టం. కామన్ రైల్ కార్లలో ఈ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, వాటి పైపుల జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. మీ తమ్ముడి కారు అలాంటిదైతే సంక్రాంతికి వచ్చినప్పుడు దాని మీద ప్రయోగాలు వద్దు.

పెట్రోలు గుడ్డ, స్టార్టింగ్ స్ప్రే, రెండూ వద్దు. లోపల ఎర్రగా కాలుతున్న హీటర్ ఉన్న ఇంజిన్‌లోకి పెట్రోలు ఆవిరి పంపితే పిస్టన్ పైకి రాకముందే అంటుకుంటుంది. రింగులు విరుగుతాయి. అప్పుడు ఆ రెండో షెడ్డువాళ్ళ మాట నిజమైపోతుంది.

ట్రాక్టర్ కూడా వద్దు. మీ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌ను, పంపును తిప్పేది టైమింగ్ బెల్టు. గేరులో వేసి ఒక్కసారిగా లాగితే పాత బెల్టు పళ్ళు తప్పవచ్చు, తెగనూ వచ్చు. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. ఆ బెల్టు ఎప్పుడు మార్చారో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. మీ బాపును అడగండి. ఆయనకూ గుర్తు లేకపోతే, కారు ఉంచుకోదలిస్తే, మొదట డబ్బు పెట్టాల్సింది దాని మీదే. అది షెడ్డు పని, ఇంటి పని కాదు.

మొదటి దారి, మీరే చేసుకోవడం. ఒక ఆదివారం పూట చాలు. కారు కిందికి దూరే పనే లేదు, అంతా బానెట్ తెరిచి పైనుంచి చేసేదే. (మీ ఆవిడ 'కారు కిందే' అన్నారంటే మాటవరసకేనా? ఒట్టి జాకీ మీద లేపి కిందికి దూరుతున్నట్టయితే ఆమె కోపం న్యాయమే.)

ముందురోజు బ్యాటరీ తీసి ఛార్జింగ్‌కు ఇవ్వండి. ఇన్నాళ్ళు సెల్ఫ్ కొట్టారు కాబట్టి అది డీలా పడి ఉంటుంది. నిండుగా ఉంటే మీటరులో 12.6 వోల్టులు చూపాలి. డీజిల్ ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే గాలి వేడెక్కదు, ఎన్ని బాగుచేసినా లాభం ఉండదు. బ్యాటరీ టెర్మినల్సు, ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్తు పట్టీ రెండు చివర్లూ గరుకు కాగితంతో రుద్దండి.

తర్వాత ఫిల్టర్. మీరు విప్పిన గొట్టాల బోల్టుల కింద రెండు వైపులా పలుచటి వాషర్లుంటాయి. పాతవే వేశానని రాశారు. అక్కడే గాలి పీలుస్తుండవచ్చు. ఆ వాషర్లు ఒకసారి నొక్కుకున్నాక మళ్ళీ సరిగ్గా అతకవు. పాతికేళ్ళ కిందట నేనూ ఇలాగే మూడు రూపాయలు మిగుల్చుకుని రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. కొత్తవి వేయండి. గొట్టాల క్లిప్పులు చూడండి. రబ్బరు గొట్టం చివర పగుళ్ళుంటే అర అంగుళం కోసేసి మళ్ళీ ఎక్కించండి, పొడవు చాలకపోతే కొత్తది కొనండి. తీసిన పాత ఫిల్టర్ పారేయకపోతే దాన్ని ఒక గాజు సీసాలోకి వంచి చూడండి, అడుగున నీళ్ళు తేలితే ట్యాంకు సంగతి కూడా ఆలోచించాలి.

ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే నాబు ఉందని, అదేమిటో తెలియలేదని రాశారు. అదే ప్రైమింగ్ పంపు, మీ మొత్తం కథలో మీరు వదిలేసిన ఒకే ఒక్క అడుగు. పంపుకు వెళ్ళే గొట్టం బోల్టు ఒక చుట్టు వదులు చేసి, కింద గుడ్డ పెట్టి, ఆ నాబు నొక్కుతూ పోండి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి శుభ్రంగా డీజిల్. నొక్కి పట్టుకుని ఉండగానే బోల్టు బిగించాలి. నాబు చేతికి గట్టిగా తగిలే దాకా ఇంకో పదిసార్లు నొక్కండి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో ఇంకా గాలి పీలుస్తోందన్నమాట. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్ళే గొట్టం బదులు కొన్నాళ్ళు డీజిల్‌కు తట్టుకునే పారదర్శకం గొట్టం వేసుకుంటే బుడగలు కంటికి కనిపిస్తాయి.

దీంతోనే చాలాసార్లు ఇంజిన్ అందుకుంటుంది. అందుకోకపోతే ఇక్కడినుంచి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తాళం దగ్గర, ఒకరు ఇంజిన్ దగ్గర. నాజిళ్ళ దగ్గర రెండు పైపుల నట్లు సగం చుట్టు వదులు చేసి, వాటి మీద గుడ్డ కప్పి, చేతులు తీసి దూరంగా నిలబడండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. తాళం దగ్గరున్నవాళ్ళు పది సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆపాలి, నిమిషం ఆగి మళ్ళీ. గుడ్డ తడిస్తే డీజిల్ వచ్చినట్టు. నట్లు బిగించి స్టార్ట్ చేయండి. అసలు తడవనే లేదనుకోండి, తాళం ఆన్ చేసినప్పుడు పంపు మీది సోలనాయిడ్ 'టిక్'మంటోందా అని చెవి పెట్టి వినండి. శబ్దం లేకపోతే దాని వైరు ఊడి ఉండవచ్చు. ఫిల్టర్ దగ్గర చేతులాడినప్పుడు తగిలి ఊడిన వైర్లు నేను చూశాను.

బండి స్టార్టయ్యాక అసలు జబ్బు. ఇంజిన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, నాలుగు హీటర్ ప్లగ్గులను కలిపే రేకు పట్టీ విప్పండి. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి ఒక కాలు ప్లగ్గు కొసకు, ఇంకో కాలు ఇంజిన్ లోహానికి ఆనించండి. బాగున్న ప్లగ్గు ఒక ఓమ్ చుట్టుపక్కల, లేదా అంతకంటే తక్కువ చూపుతుంది. పోయినది ఏమీ చూపదు. నాలుగూ బాగుంటే, పట్టీ, బ్యాటరీ మళ్ళీ బిగించి, తాళం ఆన్ చేసినప్పుడు ఆ పట్టీకి కరెంటు వస్తోందా చూడండి. రాకపోతే రిలే, ఫ్యూజు. తొందరపడి ప్లగ్గులు కొనకూడదని చెప్పేది ఇందుకే.

పోయిన ప్లగ్గులను విప్పడం ఒక్కటే ఈ పనిలో భయపడాల్సింది. ఇరవై ఏళ్ళుగా హెడ్‌లో కూర్చుని ఉంటే అవి పట్టేసుకుంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. విరిగిన ముక్క లోపలుంటే హెడ్ దించాల్సి రావచ్చు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి, మర్నాడు ఇంజిన్ వెచ్చబడ్డాక, పొడవాటి సాకెట్టుతో కొద్దిగా వదులు, కొద్దిగా బిగింపు, మళ్ళీ వదులు, ఇలా ఓపికగా తిప్పాలి. చేతికి మొండిగా తగిలితే ఆపేయండి. అక్కడికి మీ పని అయిపోయినట్టే, మిగతాది షెడ్డులో చేయించండి. ఇండికా ట్యాక్సీగా ఊరూరా తిరిగిన బండి కాబట్టి జిల్లా కేంద్రంలో ఈ ప్లగ్గులు దొరకడం ఇప్పటికీ కష్టం కాదు. మార్చేటప్పుడు నాలుగూ ఒకే రకంవి వేయండి.

రెండో దారి, మెకానిక్‌ను ఇంటికి పిలవడం. ఇందులో నామోషీ ఏమీ లేదు. అయితే పిలిచినప్పుడు 'పంపు పోయిందంట' అని మొదలుపెట్టకండి. ఆ మాట మీరే అంటే ఆయన పంపే విప్పుతాడు. 'ఫిల్టర్ మార్చాక గాలి పట్టింది, గాలి తీసి, హీటర్ ప్లగ్గులు నాలుగూ టెస్ట్ చేసి చూపించు, వచ్చినందుకు ఇంత ఇస్తాను' అనండి. పనికి కాకుండా చూసినందుకు కూలీ ఇస్తామంటే చాలామంది నిజాయితీగానే చూస్తారు. మీ ఇద్దరు మెకానిక్కులు దొంగలని నేననను. ఉత్తినే చూసి చెప్పమంటే ఎవరైనా తమకు బాగా వచ్చిన పనే చెబుతారు. ఈ దారిలో ఖర్చు కాస్త ఎక్కువ, ఆదివారం మీది మీకు మిగులుతుంది. మీ ఇంట్లో ఇప్పుడున్న వాతావరణానికి అది కూడా లెక్కే.

పంపు షాపుకు వెళ్ళే రోజు కూడా రావచ్చు. గాలి తీశాక, ప్లగ్గులు బాగున్నాక కూడా పొద్దున పొగే వస్తుంటే ముందు నాజిళ్ళు టెస్టింగుకు ఇవ్వండి, తర్వాత కంప్రెషన్ గేజీ పెట్టించండి, పంపు అన్నిటికంటే చివర. దాన్ని మాత్రం మీరు దించకండి. గుర్తులు పెట్టకుండా దించిన పంపును మళ్ళీ టైమింగులో కూర్చోబెట్టడం వీడియో చూసి చేసే పని కాదు.

మూడోది, అమ్మేయడం. తమ్ముడి మాటను తోసిపుచ్చకండి, దానికీ ఒక లెక్కుంది. కారుకు 2026 సెప్టెంబరుతో ఇరవై ఏళ్ళు నిండుతాయి. 2021లో చేయించిన ఐదేళ్ళ రెన్యువల్ కూడా అప్పటితో అయిపోతుంది. ఇరవై ఏళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో ఐదు వేల నుంచి పది వేలకు పెంచింది. దానికి గ్రీన్ ట్యాక్సు, ఫిట్‌నెస్ కోసం చేయించే చిల్లర పనులు కలుపుకోండి. పొగ పరీక్ష కూడా ఉంటుంది, హీటర్లు, నాజిళ్ళు బాగుంటే అది పెద్ద గండం కాదు. గడువుకు అరవై రోజుల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదేళ్ళ డీజిల్ కార్ల మీద నిషేధం అని టీవీల్లో వినేది ఢిల్లీ పరిసరాల సంగతి, మన దగ్గర ఆ నియమం లేదు.

అమ్మినా సరే, స్టార్టయ్యే కారునే అమ్మండి. బ్రోకరు చెప్పిన ముప్పై ఐదు వేలు వాకిట్లో చచ్చిపడున్న కారు ధర. కాస్త ఖర్చుతో ఒక్క సెల్ఫ్‌కు అందుకునేలా చేశాక అతన్నే మళ్ళీ పిలిచి చూడండి, మాట మారుతుంది. తుక్కుకే ఇవ్వదలిస్తే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇవ్వండి. అక్కడ ఇచ్చే సర్టిఫికెట్‌తో కొత్త సొంత కారు మీద రోడ్డు ట్యాక్సులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్రం నిబంధనల్లో వీలుంది, ఎంత ఇచ్చేదీ రాష్ట్రం చేతిలో ఉంటుంది. వీధి తుక్కు షాపుకు అమ్మితే ఆ కాగితం రాదు, పైగా ఆర్సీ మీ బాపు పేరు మీదే ఉండిపోతుంది.

నన్నడిగితే, అమ్మడమా ఉంచడమా అన్నది ఈ వారం తేల్చకండి. స్టార్ట్ కాని కారును చూస్తూ తీసుకున్న నిర్ణయం కోపంలో తీసుకున్నదే అవుతుంది. నడిచే స్థితికి తెచ్చి, సెప్టెంబరు ఖర్చు కాగితం మీద రాసి, మీ ఆవిడ ముందు పెట్టండి. వానాకాలం రాత్రి పాపకు జ్వరం వస్తే ఈ కారు నమ్ముకోవచ్చా అన్నది ఆమె ప్రశ్న అయి ఉండవచ్చు. దానికి ఇండికా మీద ప్రేమ జవాబు కాదు. బెల్టు మార్చి, హీటర్లు మార్చి ఉంటే అప్పుడు మీ దగ్గర జవాబుంటుంది.

సిగ్గు సంగతి. మీరు ఫిల్టర్ సరిగ్గానే మార్చారు. గాలి తీయడం తెలియలేదు, అంతే. పెట్రోలు కార్లు మాత్రమే విప్పిన మెకానిక్కులు కూడా మొదటిసారి ఇక్కడే బోల్తా పడతారు.

తాళం దగ్గర ఒక మనిషి కావాలన్నాను కదా. మోకాళ్ళ నొప్పులున్నా డ్రైవరు సీట్లో కూర్చోవచ్చు, సెల్ఫ్‌కు క్లచ్‌తో పని లేదు, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉంటే చాలు. ఇంజిన్ అందుకోబోయే ముందు శబ్దం ఎలా మారుతుందో ఆయన చెవికి తెలుసు, ఎప్పుడు ఆపాలో మీరు చెప్పనక్కర్లేదు. క్షమాపణ ఎలా చెప్పాలో రాయమన్నారు. నాకు తోచింది ఇంతే: 'గాలి తీస్తున్న బాపూ, జర తాళం పట్టుకుంటావా' అనండి. హీటర్ ప్లగ్గు అంటే ఏమిటని ఆయన అడిగితే ఆ పాడైన ప్లగ్గు చేతికిచ్చి చూపించండి.

షాపుకు వెళ్ళేటప్పుడు పాత వాషర్లు జేబులో వేసుకుని వెళ్ళండి, ఒకదాని మీద ఒకటి పెట్టి సైజు చూసి తెచ్చుకోండి. నాలుగు కావాలంటే ఎనిమిది తీసుకోండి, మట్టిలో పడ్డవి దొరకవు.